సందంతటికీ ఒకటే నంబరు

మేడ మీది అద్దె గది,
ఆదివారం, బట్టలు ఆరేశాక

గుండీల సామ్రాజ్యానికి ఏకైక మహారాణి, మా అమ్మకు సొంత చెల్లెలు అయిన పిన్నికి,

బొంగరం సవినయంగా రాసుకునే విన్నపం.

నవ్వకు. జనం చేత ఫోను వాడించడమే ఉద్యోగంగా పెట్టుకున్నవాడు కాగితాలూ కవర్లూ కొనుక్కుని ఉత్తరం రాస్తున్నాడంటే నవ్వొస్తుంది, నిజమే. మా ఆఫీసు కింద స్టేషనరీ కొట్టాయన ఇప్పటికే నవ్వాడు. కానీ నన్నేం చేయమంటావు? నీ ఫోను స్పీకరు పెడితే తప్ప పలకదు. స్పీకరు పెడితే నీ కొట్లో జిప్పులు బేరమాడేవాళ్ళందరూ నాకు సమాధానాలు చెబుతారు. పోయినసారి "పిన్నీ, మేనేజరంటే భయంగా ఉంది" అన్నాను. నువ్వు నోరు తెరిచేలోపే డ్రిల్లు మాస్టారు "ఛాతీ ముందుకు పెట్టి నిలబడు, అదే పోతుంది" అన్నారు. పోనీ మెసేజి పెడదామా అంటే, అది చేరే వేళకు నీ ఫోను ఎవరి చేతిలో ఉంటుందో నీకే తెలియదు. అంటించిన కవరే మనకు దిక్కు.

సంగతేమిటంటే, మా కంపెనీ ఆసుపత్రి కోసం ఒక యాప్ చేసింది. పొద్దున్నే వెళ్ళి వరుసలో నిలబడక్కర్లేదు. టోకెను ఫోనుకే వస్తుంది, రక్తపరీక్ష ఫలితం ఫోనుకే వస్తుంది. ఒక్క జనమే రావడం లేదు. మా మేనేజరు గోడకు పెద్ద కాగితం అంటించి, "జనాన్ని ఏది కదిలిస్తుంది?" అని పైన రాసి, మమ్మల్ని చెప్పమన్నాడు. తలా ఒకటి చెప్పారు: సౌకర్యం, సమయం ఆదా, నమ్మకం, అవగాహన. నేను "పక్కింటివాడి మీద కుళ్ళు" అన్నాను. అదొక్కటీ రాసుకోలేదు.

కొత్తగా చేరినవాళ్ళం ఒక్కొక్కళ్ళం ఒక వీధిని పూర్తిగా చేర్పించాలి. చేర్పిస్తే ఉద్యోగం ఖాయం. లేకపోతే మళ్ళీ నీ కొట్టు మెట్ల మీద కూర్చుని గుండీలు రంగుల వారీగా ఏరుకోవడమే నా భవిష్యత్తు. నాకు తెలిసిన సందు మన సందొక్కటే. మన సందులో చెల్లే మాట నీదొక్కటే. శరణు.

మీ బొంగరం

*

గుండీల కొట్టు,
మధ్యాహ్నం, బేరాలు లేని వేళ

ఒరేయ్ బొంగరం,

మహారాణీ అని మొదలుపెట్టావంటే ఏదో అవసరం పడిందని కవరు చించగానే అర్థమైంది.

నీ పని అయిపోయింది. ఒక్క ఇల్లు వదలకుండా మన సందంతా నీ యాప్‌లో ఎక్కింది. ఎలా ఎక్కించావని మాత్రం అడక్కు, అది నా పనితనం. లేసు కొనడానికొచ్చిన వాళ్ళను లేసు చేతికివ్వకుండా స్టూలు మీద కూర్చోబెట్టి పేరు, వయసు, ఒంట్లో ఏముందో చెప్పమన్నాను. లేసు కావాలంటే చెప్పక చస్తారా?

డ్రిల్లు మాస్టారు కాస్త మొరాయించారు. "నాకు ఫోను చూడ్డం రాదమ్మా" అన్నారు. "మీరెందుకు చూడ్డం, నేను చూస్తాగా" అన్నాను. అంతే, మెత్తబడిపోయారు.

ఒక్క మాట చెప్పనా? నాకు భలేగా ఉంది. ఈ మధ్య గుండీ ఊడితే చొక్కానే పారేస్తున్నారు. కొట్లో నేనూ ఈగలే మిగిలాం. ఇప్పుడో, షట్టరు పైకెత్తేసరికి మెట్ల నిండా మనుషులు. "పిన్నిగారూ, నాదేమైనా వచ్చిందా?" "మాదో?" ఒక్కొక్కళ్ళనే లోపలికి పిలిచి, చెవి దగ్గరికి వంగి, ఎవరి సంగతి వాళ్ళకే చెప్పి పంపుతున్నాను. ఒకరిది ఇంకొకరికి పొక్కనివ్వను. వచ్చినవాళ్ళు ఊరికే పోతారా, కాసేపు కూర్చుంటారు, ఒక దారపు ఉండో పిన్నీసుల పెట్టో పట్టుకుపోతారు. మీ బాబాయి కూడా "ఏమిటే, కొట్లో తిరునాళ్ళలా ఉంది" అన్నాడు.

మీ మేనేజరుకి నా తరపున చెప్పు, యాప్ బాగుంది.

మీ పిన్ని

*

ఆఫీసు, నా బల్ల దగ్గర,
బుధవారం

పిన్నీ,

ఈ ఉత్తరం నేను కుర్చీలో కూర్చుని రాయడం లేదు, గాల్లో తేలుతూ రాస్తున్నాను. పొద్దున్న మేనేజరు అందరినీ పిలిచి మన సందు పటం గోడకెక్కించాడు. ఇల్లు ఇల్లుకీ ఆకుపచ్చ చుక్క. "ఇతన్ని చూసి నేర్చుకోండి" అన్నాడు. ఇతన్ని అన్నాడు పిన్నీ, నన్ను. నాతో చేరిన మిగతావాళ్ళు నావంక చూసిన చూపు ఫ్రేము కట్టించుకోవాలనిపించింది. నిన్నటిదాకా నా టిఫిను డబ్బాలో చెయ్యి పెట్టినవాడు ఈరోజు తన డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. నేను చాలా గంభీరంగా ఒక ముద్ద తీసుకున్నాను.

ఇక్కడిదాకా రాసి ఆపాను. ఇప్పుడు మధ్యాహ్నం. ఈలోపు లోకం తలకిందులైంది.

పిన్నీ, అందరికీ నీ నంబరే రాశావా?

కంప్యూటరు లెక్కలో ఒక నంబరంటే ఒక మనిషి. దాని ప్రకారం మన సందులో ఉన్నది ఒకే ఒక్క పేషెంటు. ఆవిడ నిండు గర్భిణి. ఆవిడకు ప్రోస్టేటు వాచింది. పాలపళ్ళు ఊడుతున్నాయి. వచ్చే మంగళవారం పోలియో చుక్కలు వేయించాలి. పొద్దున ఆరడుగులుంది, మధ్యాహ్నానికి మూరెడైంది. ఆసుపత్రి పెద్ద డాక్టరు ఈ కాగితాలు చూసి కళ్ళజోడు తుడుచుకుని, "ఈవిణ్ణి నేను స్వయంగా చూడాలి" అని కబురు పెట్టాడట.

మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు.

"ఎవరయ్యా ఈవిడ?"

"మా పిన్నండి."

"మనిషేనా?"

"చాలా మంచి మనిషండి."

అతను నవ్వలేదు. నెలాఖరుకి డైరెక్టరుగారు మన సందు చూడ్డానికి వస్తున్నారట. అన్ని సందుల్లోకీ బాగా చేరింది అదేనని డైరెక్టరుగారికి ముందే చెప్పేశారు. ఆ రోజుకి ఇంటింటికీ సొంత ఫోను, సొంత నంబరు కనిపించాలి. ఒక్క ఇల్లు తగ్గినా నేను మళ్ళీ ఆఫీసు మెట్లెక్కక్కర్లేదన్నాడు.

ఆకుపచ్చ చుక్కలన్నీ పీకేశారు. నీ కొట్టు మీద ఒక్కటుంచారు.

దారం తెగిన నీ గాలిపటం,
బొంగరం

*

గుండీల కొట్టు,
శనివారం

ఒరేయ్,

నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానంటే మీ బాబాయి మంచినీళ్ళు తెచ్చాడు. ఆయనకి చదివి వినిపించాను. కాసేపు ఆలోచించి, "ఆ పోలియో చుక్కలు వేయించుకోవడానికి నేను కూడా రావాలా?" అన్నాడు.

నవ్వు అయ్యాక ఇంకోసారి చదువుకున్నాను. నా తెలివితక్కువే. నంబరు రాయమన్న చోట ఎవరినడిగినా "మీదే రాయండి" అన్నారు. రాశాను. మాకు నంబరంటే మనిషి పేరు కాదురా, వీధి కుళాయి లాంటిది.

ఇంటింటికీ సొంత ఫోను కావాలన్నావుగా, బయల్దేరి ఇల్లిల్లూ తిరిగాను. నువ్వు రాసిన మాటలన్నీ అప్పజెప్పాను, సౌకర్యం అన్నాను, సమయం కలిసొస్తుందన్నాను. గడియారాలు బాగుచేసే ఆయన భూతద్దం కంట్లోంచి తీయకుండానే "మిగిలిన సమయం ఏం చేసుకోవాలి పిన్నిగారూ? మీ కొట్టుకొచ్చి కూర్చోవడమేగా. ఇప్పుడూ అదే చేస్తున్నాం" అన్నాడు.

మాస్టారేమో "నీ దగ్గరుంటే నా జేబులో ఉన్నట్టేనమ్మా" అన్నారు.

ఇక రొట్టెల కొట్టు అత్తగారు. ఆవిడ సంగతి నీకు తెలుసుగా, పొయ్యి కన్నా ముందు ఆవిడే వేడెక్కుతుంది. "ఫోనెందుకు? మా ఇంట్లో దాచుకునేంత గుట్లేం లేవు" అంది. పక్కన కోడలు పిండి పిసుకుతోంది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ కదిలింది. తలెత్తలేదు.

ఒక్కరు కూడా కదల్లేదురా. నిజం చెప్పాలంటే నేను కూడా గట్టిగా అడగలేదు. వీళ్ళందరికీ ఫోన్లొచ్చేస్తే నా మెట్ల మీద ఎవరు కూర్చుంటారు? ఇలా అనుకున్నందుకు నామీద నాకే కోపమొస్తోంది. కానీ అనుకున్నాను.

మీ పిన్ని

*

ఆఫీసు మెట్ల కింద,
సోమవారం

పిన్నీ,

నాకిప్పుడు అర్థమైంది. జ్ఞానోదయమంటే ఇంత చిరాగ్గా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

మా మేనేజరు కాగితం మీద "నమ్మకం ఉంటే జనం చేరతారు" అని రాసుంది. తప్పు. మన సందులో నమ్మకం మరీ ఎక్కువైపోయింది, అందుకే చేరడం లేదు. వాళ్ళ రోగాలన్నీ నీ కడుపులో భద్రంగా ఉన్నాయి. బ్యాంకు లాకరు పక్కనుండగా ఎవడైనా ఇంట్లో ఇనప్పెట్టె కొంటాడా? నీ నోరు గట్టిది కావడమే నా ఉద్యోగానికొచ్చిన గండం.

అందుకని ఒక చిన్న ఆలోచన. పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఒక్కసారి, పొరపాటున, ఎవరిదో ఒకరిది నోరు జారితే చాలు. ప్రోస్టేటు లాంటిది కాకపోయినా కనీసం ఒక తామర. తెల్లారేసరికి అందరూ ఫోను షాపు ముందుంటారు.

ఆలోచించు. నెలాఖరు దగ్గరపడుతోంది.

బొంగరం

*

కొట్టు,
మంగళవారం

నీ ఉత్తరం చదివాను.

వాళ్ళు చెవి నా నోటి దగ్గర పెట్టి, నేనేం చెబుతానోనని ఊపిరి బిగబట్టి నిలబడతారు. ఆ మొహాలు నువ్వు చూడలేదు, నేను చూశాను. ఒకరి సంగతి నా నోట్లోంచి రాదు, నీ ఉద్యోగం కోసమైనా రాదు, నీ తాత ఉద్యోగం కోసమైనా రాదు. ఇంకోసారి ఇలా రాస్తే కవరు చించకుండానే తిప్పి పంపుతాను.

అన్నం వేళకి తింటున్నావా?

పిన్ని

*

మేడ మీది గది,
గురువారం

పిన్నీ,

చెంపలు వేసుకున్నాను. రెండూ ఎర్రగా ఉన్నాయి, కావాలంటే ఫొటో పంపుతాను, కానీ మళ్ళీ నీ ఫోను సందంతా చూస్తుంది.

జోకు వేశాననుకున్నాను. చదువుకుంటే జోకులా లేదు. నిజంగానే అడిగాను. ఉద్యోగం పోతే పోనీ. గుండీలు ఏరడంలో నాకు అనుభవముంది. నువ్వేమీ చేయకు.

తింటున్నాను. వేళకి కాదు.

బొంగరం

*

గుండీల కొట్టు,
శుక్రవారం, తీరిగ్గా

ఒరేయ్ బొంగరం,

నువ్వేమీ చేయకు అన్నావు. నేను చేసేశాను. కూర్చుని చదువు, గాల్లో తేలకు.

నిన్న పొద్దున్న నాకే ఒక మెసేజి వచ్చింది, ఆసుపత్రి పళ్ళ విభాగం నుంచి. మెట్ల నిండా జనం ఉన్నారు. మాస్టారు, గడియారాల ఆయన, రొట్టెల కొట్టు అత్తాకోడళ్ళు, పక్క మేడమీది వాళ్ళు, అందరూ. స్టూలు బయటికి లాక్కుని పైమెట్టు మీద వేసుకుని కూర్చున్నాను. కళ్ళజోడు పెట్టుకుని, బడిలో పాఠం చదివినట్టు గొంతెత్తి చదివాను. "మీ పైవరస కట్టుడు పళ్ళు సిద్ధమైనవి. వదులైన పాత సెట్టు వెంట తెచ్చుకోగలరు." వెనక వాళ్ళకి వినపడలేదేమోనని ఇంకోసారి చదివాను.

సందు సందంతా నా నోటివంక చూసింది.

"ఎవరిదమ్మా అది?" అన్నారు మాస్టారు మెల్లిగా.

"నాదే మాస్టారూ. ఇందులో దాచుకునేదేముంది, అందరం ఒక్కింటివాళ్ళమే కదా. ఒక్కొక్కళ్ళ చెవిలో చెప్పలేక గొంతు పోతోంది. ఇకనుంచి ఎవరిదొచ్చినా ఇలా అందరిలో చదివేస్తాను, పని తేలిక."

"ఎవరిదైనానా?"

"ఎవరిదైనా. మీది కూడా ఇవాళో రేపో రావాలిగా."

మాస్టారు లేచారు. ఛాతీ ముందుకు పెట్టి, చేతులు ఊపుకుంటూ, లెఫ్ట్ రైట్ అన్నట్టుగా సందు చివర ఫోను షాపుకి నడిచి వెళ్ళారు. ఆయన వెనక గడియారాల ఆయన, కంట్లో భూతద్దం తీయడం మరిచిపోయి అలాగే వెళ్ళాడు. సాయంత్రానికి ఆ షాపులో ఫోన్లు అయిపోయి మళ్ళీ తెప్పించారు. ఎంత హుషారుగా ఉందో తెలుసా? సందులో ఎటు చూసినా ఎవరో ఒకరు గోడకి తిరిగి "హలో, హలో, వినపడుతోందా" అంటున్నారు. పక్కపక్క గుమ్మాల్లో నిలబడి ఒకరికొకరు ఫోను చేసుకుంటున్నారు. మాస్టారు ఫోను ఎత్తితే ముందు "అటెన్షన్" అంటున్నారు.

చూశావా, ఒక్కరిది కూడా చదవలేదు. చదివింది నాదే. పైవరస నాది కాదని మీ అమ్మకి కూడా తెలియదు. మీ బాబాయికీ తెలియదు. నిన్న రాత్రి అన్నం ముందు కూర్చుని నన్ను చాలాసేపు చూసి, "ఇన్నాళ్ళూ నువ్వు నవ్వితే మురిసిపోయానే, అది ఎవరి నవ్వు?" అన్నాడు. ఇవాళ పొద్దున్నుంచి నవ్విస్తూనే ఉన్నాడు, పరీక్షగా చూడ్డానికి.

నాకు మాత్రం కొత్త పేరొచ్చింది. మైకు. "మైకు దగ్గర మాట్లాడకండి" అనుకోవడం నా చెవినపడింది. పడనీ.

ఒక్క ఇల్లు మిగిలింది. రొట్టెల కొట్టు. అత్తగారు కదలనంటోంది. "చదువుకోమను, మాకేం భయం" అంటోంది. కోడలు నన్ను చూసి ఏదో అనబోయి ఆగిపోతోంది.

పిన్ని

*

మేడ మీది గది,
డైరెక్టరుగారు వచ్చి వెళ్ళిన మర్నాడు

పిన్నీ, మా పిన్నీ,

నిన్న మన సందులో అన్నిసార్లు నీ కొట్టు ముందునుంచి నడిచాను, నువ్వు సగం షట్టరు వెనకనుంచి బయటికి రాలేదు. డాక్టరుగారు కూడా వస్తే పట్టుకుపోతారని భయమని బాబాయి చెప్పాడు. అందుకని నువ్వు చూడనిదంతా రాస్తున్నాను.

డైరెక్టరుగారు ఇంటింటా ఒకటే ప్రశ్న అడిగారు. "మిమ్మల్ని ఫోను వైపు కదిలించిందేమిటి?" మేనేజరు పక్కనే నిలబడి రాసుకున్నాడు. మాస్టారు "కాలంతో పాటు కవాతు చేయాలి కదండీ" అన్నారు. గడియారాల ఆయన "సమయం విలువ నాకు తెలిసినంత ఎవరికి తెలుస్తుందండీ" అన్నాడు. పక్క మేడమీది ఆవిడ "అవగాహన" అంది. అంటూ నీ కొట్టువైపు ఒక చూపు చూసింది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నిజం చెప్పలేదు పిన్నీ. మేనేజరు కళ్ళు చెమర్చాయి. నేను రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గాను.

చివరికి రొట్టెల కొట్టు. అత్తగారు చేతులు నడుం మీద పెట్టుకుని "మాకవసరం లేదండీ, మా ఇంట్లో..." అని మొదలెట్టింది. మేనేజరు నావంక చూశాడు. అయిపోయిందనుకున్నాను.

లోపలినుంచి కోడలు వచ్చింది. పిండి చేతుల్ని తుడుచుకుని, పిండి డబ్బాల వెనక చెయ్యిపెట్టి ఫోను తీసింది. "నాది ఉందండి" అంది. నంబరు అడిగితే తడుముకోకుండా చెప్పింది. అత్తగారు నోరు తెరిచి, మూసి, "ఎప్పుడు కొన్నావే?" అంది. ఆ పిల్ల "మొన్న" అని ఊరుకుంది. రొట్టె ముక్కలు మాడుతున్న వాసన వచ్చి అత్తగారు లోపలికి పరుగెత్తింది కాబట్టి మేం బతికిపోయాం.

ఉద్యోగం ఖాయమైంది. కాగితం చేతికొచ్చింది. మేడ మీద ఒంటికాలి మీద గంతులేస్తే కింది వాటావాళ్ళు కర్రతో కప్పు మీద కొట్టారు.

కానీ పిన్నీ, నీ మెట్లు ఖాళీగా ఉండడం చూశాను. నువ్వు మైకు కావడం నావల్లే. కొట్టు ఖాళీ కాబట్టి ఇక నీకు ఫోనే చేయొచ్చు, ఎవరూ వినరు. అది తలుచుకునే చేయబుద్ధి కాలేదు. ఉత్తరమే రాస్తున్నాను.

ఉద్యోగస్థుడైన నీ
బొంగరం

*

గుండీల కొట్టు,
ఆదివారం

ఒరేయ్ ఉద్యోగస్థుడా,

సంతోషం. ఆ కాగితం జాగ్రత్తగా పెట్టుకో. గంతులు పగటిపూట వెయ్యి.

మెట్ల సంగతి రాశావు. ఖాళీగానే ఉన్నాయి. అబద్ధమెందుకు, మొదటి రెండు రోజులూ చాలా కష్టంగా అనిపించింది. నా ఫోను నోరు మూసుకుని బల్లమీద పడి ఉంది. నేనే తీసి చూసుకుని పెట్టేదాన్ని.

నిన్న మధ్యాహ్నం మోగింది. ఎవరో తెలియని నంబరు. ఎత్తాను. "పిన్నిగారూ, నేను" అంది. రొట్టెల కొట్టు పిల్ల. ఎదురింటి వెనకగదిలో తలుపేసుకుని చేస్తోంది. నాకు ఆ తలుపు ఇక్కణ్ణుంచి కనపడుతూనే ఉంది.

"కొట్లో ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరమ్మా."

"ఫోను కొన్నాక ఇదే మొదటి కాలండీ."

"మీ అమ్మకి చేసుకోవాల్సింది తల్లీ, నాకెందుకు? నన్ను మైకంటున్నారుగా."

ఆ పిల్ల గొంతు తగ్గించి అంది, "నా పరీక్ష కాగితం అన్నాళ్ళు మీ ఫోనులో ఉంది. సందులో ఒక్కళ్ళకి తెలియలేదు. మీరు చదివింది మీదొక్కటే. మిగతావాళ్ళు చూసుకోలేదేమో గానీ నేను చూశానండీ."

కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నాను.

"ఇవాళ కొత్తది ఒకటి వచ్చింది. మా ఆయనకి సాయంత్రం చెబుతాను, అత్తయ్యకి రేపు చెబుతాను. ముందు మీకు చెప్పాలనిపించింది."

షట్టరు కిందికి లాగి "చెప్పమ్మా" అన్నాను. చెప్పింది. ఇద్దరం కాసేపు ఏడ్చాం, కాసేపు నవ్వాం. నేను పైవరసా కిందివరసా రెండూ పెట్టి నవ్వాను.

ఏం చెప్పిందంటావా? నీకు రాయను. కవరు అంటించి పంపినా సరే, రాయను.

మీ పిన్ని